మత్స్యగెడ్డ

మత్స్యగెడ్డ తూర్పు కనుమలలోని ఒక కొండనది. ఇది మాడుగుల కొండలలో పుట్టి, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు ప్రాంతాల గుండా ప్రవహించి ఒడిషా సరిహద్దును చేరుతుంది. ఒడిషాలో దీనిని మాచ్‌ఖండ్ అని, బలిమెలకు దిగువన సీలేరు అని పిలుస్తారు. సీలేరు శబరి నదిలోను, శబరి కూనవరం వద్ద గోదావరిలోను కలుస్తాయి. ఆ విధంగా మత్స్యగెడ్డ గోదావరి పరీవాహక ప్రాంతానికి చెందిన నది.

పెదబయలు, ముంచింగిపుట్టు మండలాలలో ఈ నది, దానిపై కట్టిన జోలాపుట్టు జలాశయపు వెనుక జలాలు అనేక గిరిజన గ్రామాలకు దారిగా ఉన్నాయి. ఇక్కడి ప్రజలు నాటు పడవలలో నదిని దాటుతారు. అదే నది డుడుమ వద్దకు చేరేసరికి ఏ పడవకూ లొంగని జలపాతంగా మారుతుంది. వడినీటిలో పడవ నడిపే సాహసక్రీడాకారులు నదుల కష్టాన్ని కొలవడానికి ఒక పద్ధతిని ఏర్పరచుకున్నారు. ఆ పద్ధతి ప్రకారం పరిశీలించినప్పుడు మత్స్యగెడ్డ స్వభావం, దానిపై జరిగే పడవ ప్రయాణాలలోని అపాయం స్పష్టంగా తెలుస్తాయి.

పేరు

ఉత్తరాంధ్రలో వాగును, చిన్న నదిని "గెడ్డ" అంటారు. మేఘాద్రిగెడ్డ, పెద్దగెడ్డ మొదలైన పేర్లలో ఈ పదం కనిపిస్తుంది. మత్స్యగెడ్డ అంటే చేపల ఏరు. మాచ్‌ఖండ్ అనే పేరు కూడా చేపల గుండం అనే అర్థాన్నే ఇస్తుంది. పాత గ్రంథాలలో దీనిని మాచేరు అని కూడా పేర్కొన్నారు.

మధ్యయుగంలో వడ్డాది రాజధానిగా ఈ ప్రాంతాన్ని పాలించిన మత్స్య వంశపు రాజులకు ఈ నదితో సంబంధం చెప్పే కథ ఉంది. శాలివాహన శకం 1191 నాటి (క్రీ.శ. 1269) దిబ్బిడ తామ్ర శాసనంలో ఈ వంశోత్పత్తి కథ కనిపిస్తుంది. దాని ప్రకారం ఒక ముని శాపం వలన ఒక అప్సరస ఈ నదిలో చేపగా మారింది. ఆమెకు పుట్టిన కుమారుడే ఈ వంశానికి మూలపురుషుడు. తరువాతి కాలంలో మాడుగుల జమీందారులు కూడా చేపలను పూజ్యంగా భావించారు.

ప్రవాహ మార్గం

మత్స్యగెడ్డ సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల (900 మీటర్లు) ఎత్తున ఉన్న పీఠభూమిపై పుడుతుంది. పుట్టిన చోటు నుండి చాలా దూరం ఇది మెలికలు తిరుగుతూ ఉత్తర దిశగా సాగుతుంది. ఈ భాగంలో లోయ వెడల్పుగా ఉంటుంది. రెండు వైపులా వరి మడులు, మెట్ట భూములు, వాటి వెనుక కొండలు కనిపిస్తాయి. బంగాళాఖాతం తూర్పున దగ్గరలోనే ఉన్నప్పటికీ ఈ నీరు అటు పోదు. ఉత్తరానికి, ఆ తరువాత నైరుతికి చుట్టు తిరిగి, గోదావరి ద్వారా సముద్రాన్ని చేరుతుంది.

డుడుమ వద్ద నది దిక్కు ఒక్కసారిగా మారుతుంది. పీఠభూమి అంచు నుండి క్రిందికి దూకి, నైరుతి దిశగా ఇరుకైన లోయలో ప్రవేశిస్తుంది. అక్కడి నుండి బలిమెల, సీలేరు, డొంకరాయి జలాశయాలను దాటి, ఆంధ్ర ప్రదేశ్, ఒడిషా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు కలిసే మోటు ప్రాంతంలో శబరిని చేరుతుంది.

నది ఎంతగా దిగుతుందో జలాశయాల పూర్తి స్థాయి నీటిమట్టాలను బట్టి గ్రహించవచ్చు.

జోలాపుట్టు: 2,750 అడుగులు
డుడుమ: 2,590 అడుగులు
బలిమెల: 1,516 అడుగులు
సీలేరు (గుంటవాడ): 1,360 అడుగులు
డొంకరాయి: 1,037 అడుగులు

జోలాపుట్టు, డుడుమ జలాశయాల మధ్య తేడా 160 అడుగులు మాత్రమే. డుడుమ, బలిమెల జలాశయాల మధ్య తేడా 1,074 అడుగులు, అంటే సుమారు 327 మీటర్లు. విద్యుత్ కేంద్రాలను ఈ నదిపై నిర్మించడానికి కారణం ఈ వాలే. పడవ ప్రయాణానికి అడ్డంకి కూడా ఈ వాలే.

నీటి స్వభావం

ఈ ప్రాంతంలో జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వలన వర్షాలు పడతాయి. అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతపు తుఫానుల వలన కూడా భారీ వర్షాలు కురుస్తాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను మన్యం ప్రాంతంపై కూడా ప్రభావం చూపింది.

తూర్పు కనుమలు ప్రధానంగా ఖొండలైటు, చార్నొకైటు అనే గట్టి శిలలతో ఏర్పడ్డాయి. ఏటవాలు కొండలపై కురిసిన వాన త్వరగా వాగులలోకి చేరుతుంది. అందువలన కొండవాగులు కొద్ది గంటలలోనే పొంగి, వాన ఆగిన తరువాత తిరిగి తగ్గుతాయి. రేవు వద్ద ఎండ కాస్తున్నా, ఎగువన కొండలలో వాన కురిస్తే నీరు పెరుగుతుంది. నీరు ఎర్రబడటం, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం, ఏటి హోరు పెరగడం వరద రాకకు గుర్తులు.

పెదబయలు మండలంలోని తారాబు, పిట్టలబొర్ర జలపాతాలు కూడా ఈ కొండల ఏటవాలుకు నిదర్శనాలు. ఈ ప్రాంతంలోని చిన్న వాగులలో లోతు తక్కువ, వడి ఎక్కువ. పెద్ద గెడ్డలో, జలాశయ భాగంలో వడి తక్కువ, లోతు ఎక్కువ. ప్రమాదం రెండు చోట్లా ఉంది, కాని దాని రూపం వేరు.

మత్స్యగుండం

హుకుంపేట మండలంలోని మఠం గ్రామం వద్ద ఈ నదిపై మత్స్యగుండం అనే పుణ్యక్షేత్రం ఉంది. 1907లో వెలువడిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో డబ్ల్యు. ఫ్రాన్సిస్ దీనిని వర్ణించాడు. 5,188 అడుగుల ఎత్తైన యెండ్రిక కొండ దిగువన నదికి అడ్డంగా పెద్ద బండల వరుస ఉంది. నది మొత్తం ఒక రంధ్రంలోకి దూకి, బండల క్రింద అదృశ్యమై, సుమారు వంద గజాల దిగువన తిరిగి బయటపడుతుంది. అది బయటపడే చోట ఏర్పడిన మడుగే మత్స్యగుండం. అందులో మహసీరు జాతి చేపలు గుంపులుగా ఉండేవని, అవి మనుషుల చేతి నుండి ఆహారం తీసుకొనేంత మచ్చికగా ఉండేవని గెజిటీరులో ఉంది.

ఈ చేపలను ఎవరూ పట్టరు. ఒక బంజారా వర్తకుడు చేపను పట్టి కూర వండుకోగా, మత్స్యరాజు శాపం వలన అతడు, అతని ఎద్దులు రాళ్ళుగా మారారని స్థానిక కథ. శివరాత్రికి ఇక్కడ ఉత్సవం జరుగుతుంది. చేపలకు ఆహారం వేయడం ఆ పూజలో ఒక భాగం.

నీరు బండల క్రిందుగా పోయే ఇటువంటి చోటు వడినీటి పడవ క్రీడలో అత్యంత ప్రమాదకరమైన వాటిలో ఒకటిగా పరిగణించబడుతుంది. నీరు సందులలోంచి వెళ్ళగలదు, కాని మనిషి వెళ్ళలేడు. జల్లెడలో నూక చిక్కినట్లు మనిషి అక్కడే చిక్కుకుంటాడు, వెనుక నుండి నీరు ఒత్తుతూనే ఉంటుంది. పైకి చూసేవారికి అక్కడ పెద్ద అల కాని, నురగ కాని కనిపించకపోవచ్చు. భక్తులు పవిత్రంగా భావించి దూరంగా ఉండే చోటు, క్రీడాకారుల దృష్టిలో కూడా దూరంగా ఉండవలసిన చోటే.

డుడుమ జలపాతం, ఆనకట్టలు

డుడుమ జలపాతం ఎత్తు సుమారు 175 మీటర్లు. దీనిని మత్స్యతీర్థం అని కూడా అంటారు. జలపాతానికి ఎగువన కట్టిన ఆనకట్ట నీటిని విద్యుత్ కేంద్రానికి మళ్ళిస్తుంది. అందువలన జలపాతంలో సహజ ప్రవాహం తగ్గి, వర్షాకాలంలోనే అది నిండుగా కనిపిస్తుంది.

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఒడిషాలోని ఒనకడిల్లి వద్ద ఉంది. ఇందులో విద్యుత్ ఉత్పత్తి 1955లో ప్రారంభమైంది. ఇది ఆంధ్ర ప్రదేశ్, ఒడిషా రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు. 17 మెగావాట్ల యూనిట్లు మూడు, 21.25 మెగావాట్ల యూనిట్లు మూడు కలిపి దీని స్థాపిత సామర్థ్యం 114.75 మెగావాట్లు. దీనికి నీటిని నిలువ చేసేది జోలాపుట్టు జలాశయం. దాని సామర్థ్యం సుమారు 34 టి.ఎం.సి.లు.

దిగువన బలిమెల (510 మెగావాట్లు), ఎగువ సీలేరు (240 మెగావాట్లు), డొంకరాయి (25 మెగావాట్లు), దిగువ సీలేరు (460 మెగావాట్లు) కేంద్రాలు ఉన్నాయి.

ఆనకట్టల వలన వెలుగు వచ్చింది. వాటి వలన గిరిజన కుటుంబాలు తమ భూములను, ఊళ్ళను కోల్పోయాయి. మిగిలిన ఊళ్ళలో కొన్నింటి మధ్య ఉన్న నడక దారులు నీట మునిగాయి. కాలినడకన దాటే వాగు ఉన్న చోట పడవ లేనిదే దాటలేని జలాశయం ఏర్పడింది. ఈ ప్రాంతంలో పడవ ప్రయాణం ఇంత ముఖ్యం కావడానికి ఇది ఒక కారణం.

వైట్‌వాటర్ కయాకింగ్

కయాక్ అనేది ఒకరు లేదా ఇద్దరు కూర్చొని, రెండు కొనలా ఆకు గల తెడ్డుతో నడిపే సన్నని పడవ. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు కొయ్య, ఎముకలతో చట్రం కట్టి, దానిపై సీలు జంతువు చర్మం కప్పి దీనిని తయారుచేసేవారు. వారికి అది వేట సాధనం. కొండనదుల వడినీటిలో కయాక్ నడిపే క్రీడను వైట్‌వాటర్ కయాకింగ్ అంటారు. బండల మధ్య చిలికినట్లు కదిలే నీటిలో గాలి బుడగలు కలిసి తెల్లగా కనిపించడం వలన ఈ పేరు వచ్చింది. స్లాలం అనే పోటీ రూపంలో ఇది 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో మొదటిసారి చోటు చేసుకుంది. 1992 బార్సిలోనా క్రీడల నుండి క్రమంగా కొనసాగుతున్నది.

ఇరుకుగా, ఏటవాలుగా ఉండే వాగులలో నడిపే పద్ధతిని క్రీకింగ్ అంటారు. ఇందుకు వాడే కయాక్ గట్టి ప్లాస్టిక్‌తో, పొట్టిగా, గుండ్రని ముక్కుతో ఉంటుంది. క్రీడాకారుడు శిరస్త్రాణం, లైఫ్ జాకెట్ ధరిస్తాడు. నీరు లోనికి రాకుండా నడుము చుట్టూ రబ్బరు తొడుగును పడవకు బిగిస్తాడు. పడవ తలక్రిందులైనప్పుడు బయటకు రాకుండానే తెడ్డు సాయంతో తిరిగి నిలబెట్టడం ఇందులో ప్రధాన విద్య. భారతదేశంలో కేరళలోని కోజికోడ్ జిల్లా కోడెంచేరి ప్రాంతపు చాలిప్పుళ, ఇరువంజిప్పుళ వాగులలో 2013 నుండి మలబార్ నదీ ఉత్సవం పేరున ఇటువంటి పోటీలు నిర్వహించారు.

కష్టతర శ్రేణులు

వడినీటిని అంతర్జాతీయంగా ఆరు శ్రేణులుగా విభజిస్తారు.

మొదటి శ్రేణి: కదిలే నీరు, చిన్న అలలు. ఈదుకొని ఒడ్డు చేరడం సులభం.
రెండవ శ్రేణి: వెడల్పైన దారి, అక్కడక్కడా బండలు. చూసిన వెంటనే దారి తెలుస్తుంది.
మూడవ శ్రేణి: క్రమం లేని అలలు, ఇరుకు దారులు. పడవను నేర్పుగా త్రిప్పవలసి ఉంటుంది.
నాలుగవ శ్రేణి: బలమైన వడి. ముందుగా ఒడ్డున నడిచి చూడటం అవసరం. పడిపోయిన వారిని రక్షించడం కష్టం.
ఐదవ శ్రేణి: పొడవైన, అడ్డంకులతో నిండిన, నిటారు ప్రవాహం. నిపుణులకు మాత్రమే.
ఆరవ శ్రేణి: దాదాపు అసాధ్యమైనది. పొరపాటు జరిగితే ప్రాణాపాయం తప్పదు.

ఈ శ్రేణులను నిర్ణయించేటప్పుడు నీటి బలాన్ని ఒక్కదానినే చూడరు. ఊరికి, రోడ్డుకు దూరంగా ఉన్న అటవీ ప్రాంతపు నదిని, లేదా నీరు మిక్కిలి చల్లగా ఉన్న నదిని, దాని సహజ శ్రేణి కన్నా ఒక మెట్టు ఎక్కువ కష్టమైనదిగా లెక్కించాలని అమెరికన్ వైట్‌వాటర్ సంస్థ ప్రచురించిన నియమాలలో సూచించారు. నీటిలో పడిన మనిషికి సహాయం ఎంత త్వరగా అందుతుందన్నది కూడా ఆ నది కష్టంలో భాగమే అని దీని అర్థం.

ఈ సూత్రం మత్స్యగెడ్డకు బాగా వర్తిస్తుంది. పెదబయలు ప్రాంతపు రేవులలో నీరు చాలా వరకు మొదటి శ్రేణికి మించదు. కాని పడవలో లైఫ్ జాకెట్ లేకపోవడం, ప్రయాణికులలో చాలామందికి ఈత రాకపోవడం, ఆసుపత్రి దూరంగా ఉండటం, చలికాలపు వేకువన నీరు చల్లగా ఉండటం కలిసినప్పుడు ఆ నీరే కఠినమైన నీరు అవుతుంది. క్రీడాకారుడు తన ఇష్టంతో, తగిన సాధనాలతో నీటిలోకి దిగుతాడు. సంతకు, బడికి, ఆసుపత్రికి వెళ్ళే గిరిజనుడికి అటువంటి ఎంపిక లేదు.

నాటు పడవలు

పెదబయలు మండలం అరకులోయ శాసనసభ నియోజకవర్గంలో ఉంది. "బయలు" అంటే కొండల మధ్య విశాలమైన మైదానం. భగత, కొండదొర, కొటియ, పోర్జ, గదబ మొదలైన తెగల వారు ఈ ప్రాంతంలో నివసిస్తున్నారు. తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి భాషలు కూడా ఇక్కడ వినిపిస్తాయి. వారపు సంతలు ఇక్కడి ఆర్థిక జీవనానికి కేంద్రాలు. పసుపు, చిక్కుళ్ళు, కాఫీ, అటవీ ఉత్పత్తులు సంతకు చేరాలన్నా, ఉప్పు, బియ్యం ఊరికి చేరాలన్నా కొన్ని గ్రామాలవారు పడవనెక్కవలసిందే.

లావుపాటి చెట్టు మొదలును తొలిచి చేసిన పడవను తెలుగులో దోనె అంటారు. దానిని లోతు తక్కువ ఉన్న చోట గెడతో, లోతున్న చోట తెడ్డుతో నడుపుతారు. దోనె సన్నగా ఉంటుంది కనుక ఇరుకు నీటిలో సులభంగా కదులుతుంది. దాని అడుగు గుండ్రంగా ఉండటం వలన ఒక ప్రక్కకు బరువు చేరితే తిరగబడుతుంది. రెండు దోనెలను ప్రక్కప్రక్కన కట్టి నడిపే పాత పద్ధతి కూడా ఉంది. దీనికి తెలుగు నిఘంటువులలో "సంగడి" అనే పేరు ఉంది. అలా కట్టినప్పుడు వెడల్పు పెరిగి పడవ నిలకడగా ఉంటుంది. పలకలతో చేసిన పడవలను కూడా వాడుతారు.

కయాక్, దోనె రెండూ ఒకే అవసరం నుండి పుట్టినవి. రెండింటిలోనూ మనిషి నీటికి దగ్గరగా కూర్చొని, తన నడుముతో పడవ తూకాన్ని కాపాడుకుంటాడు. తేడా ఏమిటంటే, కయాక్ తిరగబడుతుందని ముందుగానే ఊహించి దానిని తయారుచేస్తారు. అందులో నీరు చేరదు, మునగదు. దోనెలో నీరు చేరితే అది బరువెక్కి, పట్టుకున్నవారికి కూడా ఆధారం ఇవ్వలేకపోవచ్చు. పైగా కయాక్ ఒక్కరి కోసం చేసినది. దోనెలో మనుషులతో పాటు బస్తాలు, పశువుల మేత కూడా ఎక్కుతాయి.

పడవ ప్రమాదాలు

మత్స్యగెడ్డ, సీలేరు జలాలలో నాటు పడవలు బోల్తా పడి మరణాలు సంభవించిన సందర్భాలు ఉన్నాయి. 2021 మే 24 రాత్రి సీలేరు జలాశయంలో రెండు నాటు పడవలు మునిగి, పిల్లలతో సహా 8 మంది మరణించారు. వారు కోవిడ్ కాలంలో హైదరాబాదు నుండి ఒడిషాలోని తమ ఊళ్ళకు తిరిగి వస్తున్న వలస కూలీలు. అది జలపాతం కాదు, వడినీరు కాదు. చీకటి, నాటు పడవ, లోతైన నిశ్చల జలం అక్కడి పరిస్థితి.

2008 జూన్ 29న బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ పోలీసులు ప్రయాణిస్తున్న లాంచిపై మావోయిస్టులు జరిపిన దాడిలో 38 మంది మరణించారు. ఇది ప్రకృతి వలన జరిగిన ప్రమాదం కానప్పటికీ, నీటి మధ్యలో ఉన్నవారికి తప్పించుకొనే దారి ఎంత తక్కువగా ఉంటుందో తెలిపిన సంఘటన.

ఈ నీరు చివరకు కలిసే గోదావరిలో, పాపికొండల ప్రాంతంలోని కచ్చులూరు వద్ద 2019 సెప్టెంబరు 15న పర్యాటకుల పడవ మునిగి పలువురు మరణించారు. ఆ తరువాత పర్యాటక పడవల తనిఖీపై, లైఫ్ జాకెట్లపై ప్రజల దృష్టి పడింది. మారుమూల రేవులలో ఊరివారు తమ అవసరానికి నడుపుకునే చిన్న పడవలపై అంతటి దృష్టి పడలేదు. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన అంతర్గత నౌకల చట్టం, 2021లో యంత్రం లేని పడవలకు కూడా ఒక అధ్యాయం కేటాయించారు.

రోడ్లు, వంతెనలు

నదిపై ప్రమాదాలను తగ్గించే ముఖ్యమైన సాధనం వంతెన. బలిమెల జలాశయం వలన బయటి ప్రపంచానికి దూరమైన 151 గ్రామాల ప్రాంతానికి ఒడిషా ప్రభుత్వం నిర్మించిన గురుప్రియ వంతెన 2018 జూలై 26న ప్రారంభమైంది. దీని పొడవు 910 మీటర్లు. అంతకు ముందు అక్కడివారికి లాంచీలు, నాటు పడవలే దిక్కు.

పెదబయలు మండలంలోని ఇంజరి, జామిగూడ, గిన్నెలకోట వంటి పంచాయతీలు మండల కేంద్రానికి దూరంగా, సరిహద్దు కొండలలో ఉన్నాయి. రోడ్డు లేని గ్రామాల నుండి రోగులను, గర్భిణులను డోలీలో మోసుకొని వాహనం ఆగే చోటికి చేర్చవలసి వస్తుంది. మధ్యలో గెడ్డ ఉంటే డోలీని పడవలో దాటించాలి, లేదా లోతు తక్కువ ఉన్న చోట నీటిలో నడిచి దాటించాలి. పాడేరులో 2024-25 విద్యా సంవత్సరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అయితే వర్షాకాలంలో గెడ్డకు అవతల ఉన్న రోగికి, వాహనం ఆగే చోటును చేరడమే ప్రయాణంలో కష్టమైన భాగం.

జాగ్రత్తలు

వడినీటి క్రీడలో ప్రమాదాల అనుభవం నుండి ఏర్పడిన సూత్రాలు కొన్ని సాధారణ ప్రయాణికులకు కూడా ఉపయోగపడతాయి.

లైఫ్ జాకెట్ ధరించాలి. సుమారు 7 కిలోల తేలుడు బలం గల జాకెట్ పెద్దవారి తలను నీటిపై నిలుపగలదు. జాకెట్ పడవలో ఉండటం చాలదు, ఒంటిపై బిగించి ఉండాలి. పిల్లలకు వారి కొలతకు తగినది కావాలి.

పడవలో నిలబడకూడదు. బరువును అడుగున, మధ్యలో ఉంచాలి. పడవ అంచు నీటికి దగ్గరగా వచ్చిందంటే మోయగల బరువు మించిందని అర్థం.

పడవ బోల్తా పడితే వడినీటిలో దానికి దిగువ వైపున ఉండకూడదు. ఒక ఘనపు మీటరు నీటి బరువు ఒక టన్ను. నీటితో నిండిన పడవ మనిషిని బండకు అదిమివేయగలదు. నిలిచిన నీటిలో మాత్రం తేలుతున్న పడవను వదలకుండా పట్టుకోవడం మేలు.

వడిలో కొట్టుకుపోయేటప్పుడు నిలబడటానికి ప్రయత్నించకూడదు. పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటే మోకాలి లోతు నీరు కూడా మనిషిని ముంచివేయగలదు. వెల్లకిలా తేలుతూ, పాదాలను ముందుకు ఉంచి, నెమ్మదిగా ఒడ్డు వైపు జరగాలి. పెద్ద బండ వెనుక నీరు వెనక్కి తిరిగి నెమ్మదిగా ఉంటుంది. అక్కడ ఆగవచ్చు.

పడిన చెట్లకు, నీరు బండల క్రిందుగా పోయే చోట్లకు, చెక్‌డ్యాముల దిగువ భాగానికి దూరంగా ఉండాలి. చెక్‌డ్యాము క్రింద నీరు తనలో తాను తిరుగుతూ, పడినవారిని మళ్ళీ మళ్ళీ లోనికి లాగుతుంది.

మునుగుతున్నవారిని రక్షించడానికి వెంటనే నీటిలోకి దూకడం వలన రక్షించబోయినవారు కూడా మరణించిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి. మొదట గెడ లేదా వెదురు అందించాలి. అది అందకపోతే తాడు, ఖాళీ మూతబిగించిన డబ్బా విసరాలి. తరువాత పడవలో వెళ్ళాలి. ఈదుకొని వెళ్ళడం చివరి మార్గం. ప్రతి రేవు వద్ద ఒక పొడవాటి తాడు, కొన్ని ఖాళీ డబ్బాలు ఉంచడం ఖర్చు లేని పని.

ఆనకట్టల దిగువన నదిలో దిగేవారు నీటి విడుదల గురించి ముందుగా తెలుసుకోవాలి. రాత్రి వేళ, వరద వేళ గెడ్డను దాటకుండా ఉండటం అన్నింటికన్నా మంచిది. అందరికీ అది సాధ్యం కాదు. మత్స్యగెడ్డ ఒడ్డున ఉన్న గ్రామాలకు వంతెన, రోడ్డు చేరే వరకు లైఫ్ జాకెట్, తాడు, ఈత విద్య వారి ప్రాణాలకు ఆధారాలు.

ఇవి కూడా చూడండి

పెదబయలు మండలం
ముంచింగిపుట్టు
డుడుమ జలపాతం
సీలేరు నది
శబరి నది
తూర్పు కనుమలు